తరగతి గదిలో స్మార్ట్ బోర్డు : కరెంటు లెక్క

(విద్యార్థులకూ, తల్లిదండ్రులకూ)



మీలో చాలామంది చదివే బడిలో ఇప్పుడు నల్లబల్ల పక్కన ఒక పెద్ద తెర కూడా ఉంటోంది. వేలితో రాస్తే రాత పడుతుంది, తాకితే బొమ్మ కదులుతుంది. స్మార్ట్ బోర్డు అంటారు, ఇంటరాక్టివ్ ప్యానెల్ అంటారు. పేరు ఏదైనా పని ఒకటే. తమిళనాడు ప్రభుత్వం 2024లో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో 22 వేలకు పైగా స్మార్ట్ తరగతి గదుల పథకాన్ని చేపట్టింది. అంతకు ముందు సంవత్సరం, 2023లో, ఆంధ్రప్రదేశ్‌లో 'నాడు-నేడు' కింద బాగుచేసిన బడుల్లో ఆరో తరగతి మొదలుకొని పై తరగతుల గదుల్లో ఇటువంటి ప్యానెళ్ళను వేల సంఖ్యలో బిగించారు. ప్రైవేటు బడులలో అయితే ఇవి ఇంకా ముందే వచ్చాయి.

బోర్డు వచ్చిన సంతోషంలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. ఇది ఎంత కరెంటు తింటుంది? ఎవరూ చూడనప్పుడు కూడా తింటుందా? ఈ పాఠంలో ఆ లెక్క నేర్చుకుందాం. ఎనిమిదో తరగతి గణితం వస్తే చాలు. తల్లిదండ్రులు కూడా పక్కన కూర్చుని చదివితే మంచిది, ఎందుకంటే ఇదే లెక్క ఇంట్లో టీవీకీ, ఇన్వర్టరుకూ పనికివస్తుంది.

ఒక మాట ముందే చెప్పాలి. పొదుపు అనగానే బోర్డుకు గుడ్డ కప్పి తాళం వేసే బడులు ఉన్నాయి. పాడవుతుందని భయం, బిల్లు వస్తుందని భయం. అది పొదుపు కాదు. సిత్తేరి కొండల మీది నుండి దిగివచ్చే పిల్లవాడు సముద్రాన్ని ఎన్నడూ చూసి ఉండడు. గుండె ఎలా కొట్టుకుంటుందో కదిలే బొమ్మలో చూస్తే ఒక్క నిమిషంలో అర్థమయ్యేది, మాటలతో చెబితే ఒక పీరియడు పడుతుంది. పాఠానికి ఖర్చయిన కరెంటు సద్వినియోగమే. మనం వెతకవలసింది పాఠం లేకుండా ఖర్చయ్యే కరెంటును.

వాట్ వేరు, యూనిట్ వేరు

బడిలో మీరు 'మిన్సారం' అంటారు, ఇంట్లో కరెంటు అంటాము, తెలుగు పుస్తకంలో విద్యుత్తు అని ఉంటుంది. మూడూ ఒకటే. కాని ఇంకో రెండు మాటల దగ్గర చాలామంది తడబడతారు. తమిళ పాఠ్యపుస్తకంలో 'తిఱన్' అన్నది తెలుగులో సామర్థ్యం. దాన్ని వాట్లలో కొలుస్తాము. 'ఆట్రల్' అన్నది శక్తి. దాన్ని ఇంటి బిల్లులో యూనిట్లలో కొలుస్తారు. సామర్థ్యం అంటే కుళాయి ఎంత జోరుగా పోస్తున్నది అని; శక్తి అంటే బిందెలోకి మొత్తం ఎన్ని నీళ్ళు చేరాయి అని. బిల్లు వచ్చేది బిందె నీళ్ళకు, కుళాయి జోరుకు కాదు.

1000 వాట్ల పరికరం ఒక గంట నడిస్తే 1 యూనిట్. అదే ఒక కిలోవాట్ గంట. సూత్రం ఇది:

యూనిట్లు = వాట్లు × గంటలు ÷ 1000

పోలిక కోసం కొన్ని అంకెలు గుర్తు పెట్టుకోండి. ఎల్.ఇ.డి. ట్యూబులైటు 20 వాట్లు. పాత రకం సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. కొత్త బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్ల దగ్గర. తరగతి గదిలో పెట్టే 65 నుండి 75 అంగుళాల ప్యానెల్ మామూలు వాడకంలో సుమారు 100 నుండి 250 వాట్లు తీసుకుంటుంది. కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి మారుతుంది. మన లెక్కలకు 200 వాట్లు అనుకుందాం. అంటే ఒక బోర్డు పది ఎల్.ఇ.డి. ట్యూబులైట్లతో సమానం. రాక్షసి ఏమీ కాదు, అలాగని లెక్కలోకి రానంత చిన్నదీ కాదు.

బోర్డు వెనుక అంటించిన లేబుల్ మీద 400 వాట్లు, 450 వాట్లు అని చూసి కంగారు పడకండి. అది గరిష్ఠ సామర్థ్యం. వెలుగు పూర్తిగా పెంచి, స్పీకర్లు గట్టిగా పెట్టి, లోపలి కంప్యూటరు, యు.ఎస్.బి. పరికరాలు అన్నీ ఒకేసారి నడిస్తే దాటకూడని హద్దు. వైరింగు చేసే ఎలక్ట్రీషియన్‌కు ఆ అంకె కావాలి. బిల్లు లెక్కకు మాత్రం మామూలు వాడకపు వాట్లే కావాలి. ఈ రెండు అంకెలనూ కలగాపులగం చేసి బోర్డు మీద లేనిపోని నిందలు వేసేవారు ఎక్కువ.

బోర్డు లోపల ఎవరెవరు తింటున్నారు?

బోర్డును లోపలి భాగాలుగా విడదీసి చూద్దాం. అన్నిటికంటే వెనుక ఎల్.ఇ.డి. దీపాల వరుసలు ఉంటాయి. దీన్నే బ్యాక్‌లైట్ అంటారు. దాని ముందు ద్రవస్ఫటికాల పొర, అంటే ఎల్.సి.డి. ఈ పొర తనంతట తాను వెలగదు. కిటికీ రెక్కల మాదిరి వెనుక నుండి వచ్చే వెలుగును ఒక చోట వదులుతుంది, ఒక చోట ఆపుతుంది. ఆ విధంగా బొమ్మ తయారవుతుంది. తెర అంచుల చుట్టూ కంటికి కనపడని పరారుణ కిరణాల వల ఉంటుంది. మీ వేలు అడ్డుపడిన చోటును బట్టి ఎక్కడ తాకారో బోర్డు తెలుసుకుంటుంది. వీటికి తోడు ఫోనులో ఉండేలాంటి ఒక ఆండ్రాయిడ్ బోర్డు, స్పీకర్లు. కొన్నింటిలో పక్కన జొనిపే కంప్యూటరు కూడా ఉంటుంది, దాన్ని ఓ.పి.ఎస్. అంటారు.

వీటిలో పెద్ద తిండిపోతు బ్యాక్‌లైటే. మన 200 వాట్లలో 140 వాట్లు బ్యాక్‌లైటుకు, 60 వాట్లు మిగతా అన్నిటికీ అనుకోండి. ఇప్పుడు వెలుగును నూటికి అరవైకి తగ్గిస్తే ఏమవుతుంది? బ్యాక్‌లైట్ 140 × 0.6 = 84 వాట్లు. మిగతా 60 అలాగే ఉంటుంది. మొత్తం 144 వాట్లు. ఒక్క మీట జరిపినందుకు నాలుగో వంతుకు పైగా తగ్గింది. స్పీకరు గొంతు తగ్గిస్తే, వై-ఫై తీసేస్తే ఇంత రాదు. ఎక్కడ ఎక్కువ పోతున్నదో ముందు అక్కడ చెయ్యి పెట్టాలి. ఇంటి ఖర్చులకైనా ఇదే పద్ధతి.

ఇక్కడే పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న: "తెర మీద నల్ల బొమ్మ పెడితే కరెంటు మిగులుతుందా?" ఫోనులో డార్క్ మోడ్ పెడితే బ్యాటరీ నిలుస్తుందని మీరు విని ఉంటారు. ఓ.ఎల్.ఇ.డి. తెర ఉన్న ఫోనులో అది నిజమే, ఎందుకంటే అక్కడ ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది. నల్ల చుక్క అంటే ఆరిపోయిన చుక్క. కాని తరగతి బోర్డులు చాలావరకు ఎల్.సి.డి. రకం. నల్ల బొమ్మ పెట్టినప్పుడు కిటికీ రెక్కలు మూసుకున్నాయి గాని వెనుక దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. బొమ్మను బట్టి బ్యాక్‌లైట్‌ను తానే తగ్గించుకునే ఏర్పాటు ఉన్న మోడళ్ళలో కొంత తగ్గుతుంది. లేని వాటిలో తేడా దాదాపు సున్న. కాబట్టి నల్ల వాల్‌పేపరు పెట్టి పొదుపు చేశామని మురిసిపోవద్దు. వెలుగు మీట జరపండి, లేదా తెరను ఆపండి.

పాత ప్రొజెక్టరు ఉన్న బడులకు ఒక మాట. దానిలోని బల్బే 200 నుండి 300 వాట్ల దాకా ఉంటుంది. ఎకో మోడ్ ఉంటే పెట్టండి. ఆపిన తరువాత లోపలి ఫ్యాను ఆగేదాకా స్విచ్ తీయవద్దు, బల్బు వేడికి దెబ్బతింటుంది.

సంవత్సరానికి ఎంత?

బడి రోజులు 210 అనుకుందాం. బోర్డు పొద్దున వేస్తే సాయంత్రం దాకా 6 గంటలు వెలుగుతూనే ఉంది.

200 × 6 × 210 ÷ 1000 = 252 యూనిట్లు

ఇప్పుడు నిజం చెప్పండి. ఆ ఆరు గంటల్లో బోర్డుతో పాఠం జరిగింది ఎంతసేపు? నిజంగా చూసినది, రాసినది రెండున్నర గంటలు అనుకుందాం. మిగతా మూడున్నర గంటలు మాస్టారు నోటు పుస్తకాలు దిద్దుతున్నారు, పిల్లలు భోజనానికి వెళ్ళారు, ఆటలకు వెళ్ళారు. బోర్డు మీద మాత్రం కంపెనీ ముద్ర మెరుస్తూ ఉంది.

పాఠానికి: 200 × 2.5 × 210 ÷ 1000 = 105 యూనిట్లు
ఎవరికీ కాకుండా: 200 × 3.5 × 210 ÷ 1000 = 147 యూనిట్లు

పాఠానికి అయినదాని కంటే ఊరికే పోయినదే ఎక్కువ! వెలుగు తగ్గించి 144 వాట్లకు తెచ్చి, పాఠం జరిగే రెండున్నర గంటలే వాడితే 144 × 2.5 × 210 ÷ 1000 = 75.6 యూనిట్లు. 252 నుండి 76కు దిగాము, ఒక్క పాఠం కూడా తగ్గించకుండా. మీ బడి ఈ.బి. బిల్లులో యూనిట్ రేటు చూసి దానితో గుణిస్తే రూపాయలు తెలుస్తాయి. బడి రేటు, ఇంటి రేటు ఒకటి కావు కనుక ఇంటి బిల్లు చూసి గుణించవద్దు.

రామతీర్థం ధార

మన తీర్థమలై కొండ ఎక్కినవారికి రామతీర్థం తెలుసు. పై బండ నుండి జారే ధార కింద నిలబడి స్నానం చేసి తీర్థగిరీశ్వరుని దర్శనానికి వెళతాము. రావణవధ తరువాత పూజకు నీళ్ళు లేక రాముడు బాణం వేసి రప్పించిన గంగ అని స్థలపురాణం. వేసవిలో ధార సన్నబడుతుంది గాని ఆగదని పేరు.

సన్నని ధార, ఆగని ధార. దీన్ని లెక్క వేసి చూడండి. నిమిషానికి ఒక లీటరే పడే ధార అనుకుందాం. చెంబు పట్టుకుని నిలబడితే విసుగు పుడుతుంది. కాని రోజుకు 1440 నిమిషాలు. అంటే 1440 లీటర్లు. పెద్ద ట్యాంకు ఒకటి నిండి పొర్లుతుంది.

బోర్డును రిమోటుతో ఆపాము, తెర నల్లబడింది, మూలన చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. దీన్ని స్టాండ్‌బై అంటారు. బోర్డు నిద్రపోలేదు, కునుకు తీస్తోంది. రిమోటు పిలుపు కోసం చెవి ఒగ్గి ఉంది. ఆ చెవి ఒగ్గడానికి కూడా కరెంటు కావాలి. ఇది సన్నని ధార. సంవత్సరానికి 8760 గంటలు. బడిలో బోర్డు వెలిగేది 6 × 210 = 1260 గంటలు. మిగిలినవి 7500 గంటలు. రాత్రులు, ఆదివారాలు, పొంగల్, దసరా, వేసవి సెలవులు అన్నీ ఇందులోనే.

మంచి బోర్డు స్టాండ్‌బైలో అర వాట్ తీసుకుంటే 0.5 × 7500 ÷ 1000 = 3.75 యూనిట్లు. సంవత్సరం మొత్తానికి నాలుగు యూనిట్లు కూడా కాదు. దీని గురించి ఎక్కువ బెంగ పడనక్కరలేదు. కాని అన్ని బోర్డులూ ఇంత బుద్ధిగా ఉండవు. త్వరగా తెరుచుకోవాలని 'క్విక్ స్టార్ట్' పెట్టి ఉంచినా, నెట్‌వర్కు ద్వారా మేల్కొలిపే ఏర్పాటు ఆన్‌లో ఉన్నా, పక్కన జొనిపిన కంప్యూటరును ఆపకుండా తెర ఒక్కటే ఆపినా ధార లావవుతుంది. 15 వాట్లు అనుకుందాం. 15 × 7500 ÷ 1000 = 112.5 యూనిట్లు. పైన పాఠానికి అయినది 105 యూనిట్లు అని గుర్తుందా? బోర్డు ఆపి ఉన్నదని అందరూ అనుకుంటున్న గంటల్లో, పాఠం చెప్పినదాని కంటే ఎక్కువ ఖర్చు చేసింది.

ఇటువంటి బోర్డులు 22 వేలు అలా ఉంటే? 112.5 × 22,000 = 24 లక్షల 75 వేల యూనిట్లు. మన దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్ తయారీకి సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. అంటే దాదాపు 1730 టన్నులు. అన్ని బోర్డులూ 15 వాట్లు తింటాయని నేను అనడం లేదు; ఒక్క మీట మరిచిపోతే లెక్క ఎంతవరకు పోగలదో చూపడానికి మాత్రమే ఇది.

ఈ సన్నని ధార సంగతి ప్రపంచం పట్టించుకోవడం మొదలుపెట్టి పాతికేళ్ళు దాటింది. 1999లో అంతర్జాతీయ ఇంధన సంస్థ, ఏ పరికరమైనా స్టాండ్‌బైలో 1 వాట్ మించకూడదని ప్రతిపాదించింది. యూరోపియన్ యూనియన్ ఇంటి, ఆఫీసు పరికరాల మామూలు స్టాండ్‌బైకి 2010లో 1 వాట్, 2013లో అర వాట్ హద్దు పెట్టింది. నెట్‌వర్కుకు కలిపిన పరికరాలకు హద్దు వేరు, ఎక్కువ కూడా. అందువల్ల బోర్డు కాగితాల్లో 'స్టాండ్‌బై అర వాట్ లోపు' అని ఉన్నా, వై-ఫై ద్వారా మేల్కొనే ఏర్పాటు పెట్టి ఉంటే ఆ మాట వర్తించకపోవచ్చు.

ఇంకో దొంగ ధార యు.పి.ఎస్. బోర్డు ఆపినా యు.పి.ఎస్. ఆన్‌లో ఉంటే అది బ్యాటరీని చూసుకుంటూ, లోపలి ట్రాన్స్‌ఫార్మరును వేడి చేసుకుంటూ కొంత తింటూనే ఉంటుంది. పక్కన చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఆ వెచ్చదనమే మీ యూనిట్లు. అయితే బ్యాటరీని నెలల తరబడి చార్జి లేకుండా వదిలినా పాడవుతుంది. వేసవి సెలవుల్లో దాన్ని ఏం చేయాలో బిగించినవారిని అడిగి, మధ్యలో ఒకటి రెండు సార్లు చార్జి పెట్టించడం మేలు.

మీటరు కన్ను చూసి కొలవండి

ఇంతవరకు 'అనుకుందాం' అన్నాము. ఇక నిజంగా కొలుద్దాం. ప్లగ్గులో పెట్టి చూసే చిన్న వాట్ మీటరు ఉంటే పని సులువు. లేకపోయినా గోడ మీద ఈ.బి. మీటరు ఉంది కదా. ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్ర దీపం మిణుకుతూ ఉంటుంది. దాని పక్కన 3200 ఇంప్/కె.డబ్ల్యు.హెచ్. అనో 1600 ఇంప్/కె.డబ్ల్యు.హెచ్. అనో రాసి ఉంటుంది. 3200 అంటే 3200 సార్లు మిణుకుతే ఒక యూనిట్ అని అర్థం.

ఒక యూనిట్ = 36,00,000 జౌళ్ళు. కనుక ఒక మిణుకు = 36,00,000 ÷ 3200 = 1125 జౌళ్ళు.

మాస్టారి అనుమతితో, ఆ మీటరు మీద ఉన్న ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపించి బోర్డు ఒక్కటే వేయండి. ఒక మిణుకు దగ్గర సెకన్లు లెక్కించడం మొదలుపెట్టి, తరువాత పది మిణుకులు పూర్తి అయ్యేదాకా చూడండి. 56 సెకన్లు పట్టింది అనుకుందాం.

వాట్లు = 10 × 1125 ÷ 56 = సుమారు 201

వెలుగు తగ్గించి మళ్ళీ కొలవండి. తరువాత తెర ఒక్కటే ఆపి కొలవండి. చివరకు రిమోటుతో స్టాండ్‌బైలో పెట్టి కొలవండి. 15 వాట్లయితే ఒక్కొక్క మిణుకుకు 75 సెకన్లు పడుతుంది, ఓపిక కావాలి. అర వాట్ అయితే ఒక మిణుకుకు ముప్పై ఏడున్నర నిమిషాలు! అంత చిన్న లోడును కొన్ని మీటర్లు అసలు లెక్కించవు కూడా. అందుచేత మీటరు మిణకకపోతే స్టాండ్‌బై సున్న అని రాయకండి, 'కొలవలేనంత తక్కువ' అని రాయండి. సైన్సులో ఈ తేడా ముఖ్యం.

జాగ్రత్త: మీటరును దూరం నుండి చూడడమే. మూత తెరవడం, వైరు తాకడం, ఫ్యూజు పీకడం ఎంత మాత్రం కూడదు. పెద్దలు ఎవరైనా పక్కన ఉండాలి.

ఇంట్లో ఇదే పని టీవీతో చేయవచ్చు. తమిళనాడు ప్రభుత్వం 2016లో గృహ వినియోగదారులకు రెండు నెలల బిల్లులో మొదటి 100 యూనిట్లు ఉచితం చేసినప్పటి నుండి, యూనిట్ల లెక్క పట్ల ఇళ్ళలో శ్రద్ధ పెరిగింది. ఆ హద్దు దగ్గర ఉన్న కుటుంబానికి పది యూనిట్లు కూడా చిన్న సంగతి కాదు.

కిటికీ ఎటువైపు ఉంది?

బోర్డు వెలుగును నూటికి నూరు పెట్టడానికి కారణం చాలా బడుల్లో ఒకటే: బోర్డు మీద ఎండ పడుతుంది, వెనుక బెంచీ పిల్లలకు కనపడదు. ధర్మపురి ఎండ సంగతి చెప్పనక్కరలేదు. బోర్డు ఎంత వెలిగినా సూర్యుడితో పోటీ పడలేదు. బోర్డుకు ఎదురుగా ఉన్న కిటికీకి ఒక తెర కట్టండి. గట్టి నేత గుడ్డ చాలు. బోర్డు పక్కన ఉన్న ఒక్క ట్యూబులైటును ఆపండి, వెనుక లైట్లు ఉంచండి. అప్పుడు వెలుగును 60కి తగ్గించినా వెనుక బెంచీకి కనపడుతుంది. ఖర్చు గుడ్డ ముక్క.

గది మొత్తం చీకటి చేయవద్దు. చీకట్లో మెరిసే తెరను చూస్తే కళ్ళు అలసిపోతాయి, నోట్సు రాసుకోవడానికీ వీలుండదు. గది వెలుతురును బట్టి తానే వెలుగు మార్చుకునే సెన్సరు మీ బోర్డులో ఉంటే సెట్టింగుల్లో దాన్ని ఆన్ చేయండి. షోరూములో కళ్ళు మిరుమిట్లు గొలిపేలా పెట్టిన సెట్టింగుతోనే చాలా బోర్డులు బడికి వస్తాయి, అలాగే ఉండిపోతాయి.

ఎలా ఆపాలి?

పాఠం మధ్యలో నల్లబల్ల మీద రాసేటప్పుడు బోర్డు మొత్తం ఆపనక్కరలేదు. చాలా మోడళ్ళలో తెరను మాత్రమే ఆపే బటను ఉంటుంది. బ్యాక్‌లైట్ ఆగుతుంది, మిగతాది సిద్ధంగా ఉంటుంది. తాకితే వెంటనే వెలుగుతుంది. పైన వేసిన లెక్కలో 140 వాట్లు అక్కడికక్కడ మిగిలాయి.

భోజన విరామానికి పూర్తిగా ఆపవచ్చు. "మాటిమాటికీ ఆపి వేస్తే ఎక్కువ కరెంటు అవుతుంది" అని కొందరంటారు. ఇది పాత ట్యూబులైట్ల కాలం నుండి వస్తున్న మాట. లెక్క చూడండి: బోర్డు తెరుచుకోవడానికి ఒకటిన్నర నిమిషం, 200 వాట్ల చొప్పున, 200 × 90 ÷ 3600 = 5 వాట్ గంటలు. అదే బోర్డు ఊరికే వెలిగితే ఆ 5 వాట్ గంటలు ఒకటిన్నర నిమిషంలోనే అయిపోతాయి. నలభై నిమిషాల విరామానికి ఆపితే లాభమే.

సాయంత్రం ముందు బోర్డు లోపలి మెనూలో షట్‌డౌన్ ఇవ్వండి. జొనిపిన కంప్యూటరు ఉంటే దాన్నీ షట్‌డౌన్ చేయండి. పూర్తిగా ఆగిన తరువాతే గోడ స్విచ్ తీయండి. నడుస్తున్న కంప్యూటరుకు ఉన్నట్టుండి కరెంటు తీసేస్తే ఫైళ్ళు చెడిపోతాయి. 'అప్‌డేట్ అవుతోంది' అని చూపిస్తుంటే అది ముగిసేదాకా ఆగండి. గోడ స్విచ్ అందరికీ అందే ఎత్తులో ఉండాలి. బోర్డు వెనుక దాగిన స్విచ్‌ను ఎవరూ ఆపరు. తప్పు మాస్టారిది కాదు, బిగించిన తీరుది. ఇటువంటి చోట ఒక ఎక్స్‌టెన్షన్ స్విచ్ పెట్టించమని బడి నిర్వహణ కమిటీలో తల్లిదండ్రులు అడగవచ్చు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో తల్లిదండ్రులకు స్థానం ఉంది. ఇటువంటి పనులకే ఆ స్థానం.

సాయంత్రం స్విచ్ తీసే బాధ్యత వారానికొక విద్యార్థికి అప్పగిస్తే పని నడుస్తుంది. అందరి బాధ్యత అంటే ఎవరిదీ కాదు.

బడికి బోర్డు కొనిచ్చేవారికి

ఊరి పెద్దలు, పూర్వ విద్యార్థులు బడికి బోర్డు దానం చేయడం ఇప్పుడు చూస్తున్నాము. తమిళనాడులో 2022లో మొదలైన 'నమ్మ స్కూల్ నమ్మ ఊరు పళ్ళి' వంటి ఏర్పాట్ల ద్వారా కూడా ఇస్తున్నారు. దాతలు చూసేది ఒకటే, ఎన్ని అంగుళాలు అని. 86 అంగుళాలైతే గొప్ప, 65 అయితే తక్కువ అన్న లెక్క మంచిది కాదు. తెర వైశాల్యం అంగుళాల వర్గాన్ని బట్టి పెరుగుతుంది: 86² ÷ 65² = 1.75. ఒకే వెలుగు కావాలంటే బ్యాక్‌లైటు కూడా ఇంచుమించు అదే నిష్పత్తిలో పెరగాలి. పాతిక మంది పిల్లలున్న చిన్న గదికి 65 అంగుళాలు చాలు. మిగిలిన డబ్బుతో కిటికీ తెరలు, నాలుగు బి.ఎల్.డి.సి. ఫ్యాన్లు వస్తాయి.

అడగవలసినవి మూడు: మామూలు వాడకంలో ఎన్ని వాట్లు, స్టాండ్‌బైలో ఎన్ని వాట్లు, నెట్‌వర్కు స్టాండ్‌బైలో ఎన్ని వాట్లు. ఈ మూడు అంకెలూ సాంకేతిక వివరాల కాగితంలో ఉండాలి. అమ్మేవాడు చెప్పలేకపోతే ఇంకొకరిని అడగండి. ఇంటికి టీవీ కొనేటప్పుడు బి.ఇ.ఇ. నక్షత్రాల లేబుల్ చూడండి. బి.ఇ.ఇ. అంటే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ. 2001 ఇంధన పొదుపు చట్టం కింద 2002 మార్చి 1న ఏర్పడిన కేంద్ర సంస్థ. నక్షత్రాల లేబుళ్ళ పథకం 2006లో వచ్చింది. లేబుల్ మీద నక్షత్రాలతో పాటు సంవత్సరానికి ఎన్ని యూనిట్లు అనే అంకె కూడా ఉంటుంది. నక్షత్రాల కంటే ఆ అంకే ఎక్కువ చెబుతుంది.

ఆఫీసు గదుల్లో

రేపు మీరు హోసూరులోనో బెంగుళూరులోనో ఉద్యోగంలో చేరితే మీటింగు గదుల్లో ఇవే బోర్డులు కనపడతాయి. అక్కడ ఇంకో సంగతి ఉంది. బోర్డు తీసుకున్న ప్రతి వాటూ చివరకు వేడిగా గదిలోకే వస్తుంది. గదిలో ఏసీ ఉంటే ఆ వేడిని బయటకు తోలడానికి మళ్ళీ కరెంటు కావాలి. 200 వాట్ల వేడికి ఏసీ అదనంగా సుమారు 60, 70 వాట్లు తీసుకుంటుంది. ఎవరూ లేని మీటింగు గదిలో రాత్రంతా 'స్వాగతం' అని వెలిగే తెర రెండు బిల్లులు తెస్తుంది. మనిషి కదలిక లేకపోతే తానే ఆగే సెన్సరు అక్కడ బాగా పనిచేస్తుంది. తరగతి గదిలో దాన్ని ఆలోచించి పెట్టాలి, పరీక్ష రాస్తూ కదలకుండా కూర్చున్న పిల్లల మీద అది లైట్లు ఆర్పేయవచ్చు!

డిప్లొమా, ఇంజనీరింగులో ఎలక్ట్రికల్ చదివే మన విద్యార్థులు గమనించవలసినది: ఇటువంటి లెక్కలు వేసి ఫ్యాక్టరీలకు, భవనాలకు పొదుపు మార్గం చెప్పడమే ఒక వృత్తి. ఎనర్జీ మేనేజర్, ఎనర్జీ ఆడిటర్ ధ్రువపత్రానికి బి.ఇ.ఇ. తరఫున జాతీయ స్థాయి పరీక్ష 2004 నుండి జరుగుతోంది. డిగ్రీతో పాటు పని అనుభవం కూడా అడుగుతారు కనుక చదువు ముగియగానే కాదు, ఉద్యోగంలో చేరిన తరువాత రాయవలసినది. చిన్న తరగతుల వారికి డిసెంబరు 14 గుర్తుండాలి, జాతీయ ఇంధన పొదుపు దినం. బడిలో ఆ రోజు ఉపన్యాసానికి బదులు మీటరు మిణుకులు లెక్కపెట్టి, పట్టిక గోడ మీద అంటించండి.

అభ్యాసం

1. 65 అంగుళాల బోర్డు 150 వాట్లు. రోజుకు 3 గంటల చొప్పున 200 రోజులు వాడితే ఎన్ని యూనిట్లు?

2. మీటరు మీద 1600 ఇంప్/కె.డబ్ల్యు.హెచ్. అని ఉంది. బోర్డు ఒక్కటే నడుస్తుండగా 5 మిణుకులకు 45 సెకన్లు పట్టింది. బోర్డు ఎన్ని వాట్లు?

3. ఖాళీగా ఉన్న యు.పి.ఎస్. 20 వాట్లు తీసుకుంటోంది. 30 రోజుల సెలవుల్లో దాన్ని ఆపకుండా వదిలితే ఎన్ని యూనిట్లు?

4. 'అ' బోర్డు: వాడకంలో 200 వాట్లు, స్టాండ్‌బైలో 0.5 వాట్. 'ఆ' బోర్డు: వాడకంలో 180 వాట్లు, స్టాండ్‌బైలో 10 వాట్లు. రెండూ సంవత్సరానికి 840 గంటలు వాడతారు, గోడ స్విచ్ ఎప్పుడూ ఆపరు. ఏది కొనాలి? రోజూ గోడ స్విచ్ ఆపే బడి అయితే ఏది కొనాలి?

5. మీ బడి బోర్డు గాని, ఇంటి టీవీ గాని నాలుగు స్థితులలో (పూర్తి వెలుగు, 60 వెలుగు, తెర ఆపి, స్టాండ్‌బై) కొలిచి పట్టిక రాయండి.

జవాబులు: 1) 90 యూనిట్లు. 2) ఒక మిణుకు 2250 జౌళ్ళు, 250 వాట్లు. 3) 14.4 యూనిట్లు. 4) స్విచ్ ఆపకపోతే 'అ' 171.96 యూనిట్లు, 'ఆ' 230.4 యూనిట్లు, కనుక 'అ'. రోజూ ఆపితే 'అ' 168, 'ఆ' 151.2, కనుక 'ఆ'. 5) మీ పట్టికే జవాబు.